పోలిక రక్తానిది, ఒడుపు గురువుది: యానిమేలో రెండో తరం

(నరుటో, బొరుటో, డ్రాగన్ బాల్, మై హీరో అకాడెమియా, జోజో ఐదో భాగం. వీటి ముఖ్యమైన మలుపులన్నీ కింద బయటపడిపోతాయి. చూడనివాళ్ళు ఇక్కడే ఆగడం మంచిది.)

బొరుటోకి మేనమామ పోలిక ఉందంటే చాలామంది నవ్వుతారు. పసుపు జుట్టు, నీలి కళ్ళు, బుగ్గల మీద గీతలు, అంతా తండ్రి నరుటోనే అచ్చు గుద్దినట్టు ఉంటే మేనమామ ఎక్కడ? పేరులో ఉన్నాడు. జపనీస్‌లో ‘నేజి’ అంటే మర, అదే స్క్రూ. ‘బొరుటో’ అంటే బోల్టు. నేజి, హినాటా (బొరుటో తల్లి) కవల అన్నదమ్ముల పిల్లలు. అంటే మన వరసల్లో అన్నాచెల్లెళ్ళు, నేజి బొరుటోకి సాక్షాత్తూ మేనమామే. నాలుగో నింజా యుద్ధంలో నరుటో, హినాటాలకు అడ్డం పడి చనిపోయాడు, మేనల్లుణ్ణి చూడనే లేదు. ముఖంలో ఎక్కడా కనపడని మనిషిని పేరులో పెట్టి పిలుస్తున్నారు.

రెండో తరం పాత్రల గురించి మాట్లాడేటప్పుడు ముందు ఈ తేడా పట్టుకోవాలి. రక్తంతో వచ్చేది పోలిక. చేతికి వచ్చేది ఒడుపు. మొదటిది తల్లిదండ్రులది, రెండోది గురువుది. రెండూ ఒకే మనిషి నుంచి వస్తే పాత్ర చప్పబడుతుంది. పడుగూ పేకా అడ్డదిడ్డంగా అల్లుకున్నప్పుడే గుడ్డ అవుతుంది.

ముందు పోలిక సంగతి. నరుటో బుగ్గల మీద ఒక్కో వైపు మూడు గీతలు. అవి వంశంలోవి కావు. అతన్ని మోస్తున్నప్పుడు తల్లి కుషినా ఒంట్లో తొమ్మిది తోకల నక్క ఉంది, దాని ప్రభావం. అతని పిల్లలు బొరుటో, హిమావరిలకు ఒక్కో వైపు రెండేసి గీతలే. ఒక గీత తగ్గించడం వల్ల రెండు పనులయ్యాయి: ఎవరి పిల్లలో చూడగానే తెలుస్తుంది, తండ్రి కాదనీ తెలుస్తుంది. బయటినుంచి వచ్చిన గుర్తు పిల్లలకి ఎలా దిగుతుందని జీవశాస్త్రం అడగచ్చు, డిజైన్ అడగదు. జుట్టు విషయమూ అంతే. హినాటా జుట్టు ముదురు నీలం, కొడుక్కి దాని ఛాయ కూడా రాలేదు. కొడుకు కథానాయకుడు, పోస్టర్ మీద దూరం నుంచి చూసినా ‘నరుటో కొడుకు’ అని తెలియాలి, అందుకే రంగు తండ్రిది. తల్లి జుట్టు చెల్లెలికి పోయింది, అయితే ఆ జుట్టు కింద నీలి కళ్ళు తండ్రివి. అన్నాచెల్లెళ్ళిద్దరినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఆ ఇంటి ఆస్తి పంపకం మొత్తం అర్థమవుతుంది.

తల్లి పుట్టిల్లు హ్యూగా వంశపు కన్ను బ్యాకుగన్ కూడా చెల్లెలికే పోయింది. నరుటో హొకాగే (ఊరి నింజాల పెద్ద) పదవి చేపట్టే రోజున, బొమ్మ గొడవలో హిమావరికి కోపమొచ్చి బ్యాకుగన్ తెరుచుకుంటుంది. ఆ పిల్ల కొట్టిన దెబ్బకి నరుటో పడిపోతే, అతని వేషంలో శిష్యుడు కొనొహమారు వేదికెక్కాల్సి వస్తుంది. హాస్యమే గానీ, అందులో ఒక లెక్క ఉంది: వంశపు శక్తి పెద్దవాడికే రావాలనే నియమం లేదు, ఆశ పెట్టుకున్నవాడికి రానే రాకపోవచ్చు.

ఇక ఊతపదం. కుషినా ఆవేశం వస్తే వాక్యం చివర ‘దత్తెబానె’ అంటుంది. నరుటో ‘దత్తెబాయో’ అంటాడు, బొరుటో ‘దత్తెబాసా’. మూడు తరాలు, ఒకే మొదలు, చివరి అక్షరాలే వేరు. నరుటో పుట్టిన రోజే తల్లి పోయింది, ఆమె మాట వింటూ పెరిగే అవకాశమే లేదు. అయినా మాట దిగింది. ఇది కథలో తర్కం కాదు, చెవికి గుర్తు. కంటికి గీతలు ఎలాగో చెవికి ఇది అలాగ. సబ్‌టైటిల్స్‌లో ఇది దాదాపు పూర్తిగా పోతుంది కాబట్టి, జపనీస్ ధ్వనితో చూసేవాళ్ళకే ఈ వారసత్వం అందుతుంది.

ఒడుపు దగ్గరికి వస్తే రాసెంగాన్‌ని (అరచేతిలో తిప్పే శక్తి గోళం) మించిన పాఠం లేదు. నరుటో తండ్రి మినాటో మూడేళ్ళు కష్టపడి తయారుచేశాడు. అతని గురువు జిరాయా దాన్ని నేర్చుకుని, మినాటో కొడుక్కి నేర్పాడు. అంటే తండ్రి విద్య కొడుక్కి తండ్రి చేతి మీదుగా రాలేదు, తాతలాంటి గురువు చుట్టూ తిరిగి వచ్చింది. నేర్పిన పద్ధతి మూడు మెట్లు: నీళ్ళ బుడగని లోపలి తిరుగుడుతో పగలగొట్టడం, రబ్బరు బంతిని బలంతో పగలగొట్టడం, చివరగా ఆ తిరుగుడూ బలమూ రెండూ మామూలు బెలూన్ లోపల, అది పగలకుండా నిలపడం. సునాడేతో పందెం ప్రకారం గడువు ఒక్క వారం. నరుటో ఒంటి చేత్తో తిప్పలేకపోయాడు, అందుకే నీడ ప్రతిరూపాన్ని పక్కన నిలబెట్టి దాని చేతులు వాడుకున్నాడు. శిష్యుడి లోపం అక్కడ అతని ముద్ర అయింది. ఇది గమనించాల్సిన చోటు. గురువు విద్య శిష్యుడి దగ్గర యథాతథంగా ఉంటే అది నకలు. శిష్యుడికి చేతకాని భాగం దగ్గర మలుపు తిరిగితేనే వారసత్వం.

అదే రాసెంగాన్ నరుటో నుంచి కొనొహమారుకి, కొనొహమారు నుంచి బొరుటోకి వెళ్ళింది. కొడుకు మళ్ళీ తండ్రి దగ్గర నేర్చుకోలేదు! తండ్రి పాత స్నేహితుడూ ప్రత్యర్థీ అయిన సాస్కే శిష్యరికం కావాలంటే అది నేర్చుకు రమ్మన్నాడు కాబట్టి కొనొహమారు దగ్గరికి పోయాడు. తీరా వచ్చింది చిన్న గోళీ అంత. కానీ తనకే తెలియకుండా దానికి ప్రకృతి మార్పు కలిపేశాడు, విసిరితే మాయమై వెళ్ళి తగులుతుంది. కొడుకు మొదట ‘నా వల్ల కాలేదు’ అనుకున్నదే అతని సొంత విద్య. తాత విద్యకి మనవడి దగ్గర వచ్చిన ఈ మార్పు, నా దృష్టిలో, ఈ సిరీస్ మొత్తంలో అన్నిటికంటే శుభ్రంగా రాసిన వారసత్వం. తర్వాత వచ్చిన పెద్ద పెద్ద ‘కర్మ’ ముద్రలూ మాయ కళ్ళూ దీని ముందు తేలిపోతాయి.

నింజాల నుదుటి పట్టీ కథ కూడా అడ్డంగానే నడుస్తుంది. లోయలో మొదటి పోరాటంలో సాస్కే పట్టీ మీద నరుటో గీత పెట్టాడు, దాన్నే ఏళ్ళ తరబడి దాచి చివరికి తిరిగిచ్చాడు. చూనిన్ (నింజా పదోన్నతి) పరీక్షలో యంత్రంతో మోసం చేసినందుకు నరుటో స్వయంగా కొడుకు పట్టీ తీసేస్తే, సాస్కే తన పాత పట్టీ ఆ పిల్లాడికి కట్టుకోమని ఇస్తాడు. తండ్రి గీసిన గీత గురువు వస్తువు మీదుగా కొడుకు నుదుటికి చేరింది. ఒక్క మాట కూడా చెప్పించనక్కర్లేకుండా వస్తువుతో పని జరిగిపోయింది.

కలలు కూడా ఇలాగే తారుమారయ్యాయి. హొకాగే కావాలన్న నరుటో కల సాస్కే కూతురు సరాదాకి పోయింది. ఊరికి దూరంగా, నీడలో ఉండి కాపాడే సాస్కే బాధ్యత నరుటో కొడుక్కి నచ్చింది. ఇద్దరికీ కన్నవాళ్ళ కల అక్కర్లేదు, ఎదురింటి కల కావాలి.

సరాదా (తెలుగులో కొంచెం అజాగ్రత్తగా రాస్తే ‘సరదా’ అయిపోయే పేరు, జపనీస్‌లో ‘సలాడ్’) దగ్గర పంపకం ఇంకా సన్నగా ఉంది. నల్ల జుట్టు, నల్ల కళ్ళు, ఉచిహా వంశపు కన్ను షేరింగాన్ తండ్రివి. గుద్దితే నేల పగిలే బలం తల్లి సకురాది. ఎర్ర ఫ్రేము కళ్ళజోడు సాస్కే పాత సహచరి కారిన్ ఇచ్చింది. ఉచిహాల్లో షేరింగాన్ తెరుచుకునేది ఎక్కువగా దుఃఖంతో, కోపంతో. ఈ పిల్లకి తెరుచుకుంది నాన్నని చూడబోతున్నానన్న ఆత్రంతో. శక్తి పాతదే, మీట కొత్తది. అది వంశపు శాపాన్ని ఒక్క చిన్న మార్పుతో తిప్పేసింది. పైగా ఆ నాన్న చూడగానే గుర్తుపట్టక కత్తి తీస్తాడు, అది వేరే బాధ.

నుదుటి మీద వేళ్ళతో తట్టడం గుర్తుందా? ఇటాచి చిన్న తమ్ముడు సాస్కేని ‘ఇంకోసారి’ అని పంపేసేటప్పుడు చేసిన పని. చనిపోయే ముందు చివరిసారి చేశాడు. సాస్కే దాన్ని ప్రయాణానికి బయలుదేరుతూ సకురాకి చేశాడు, తర్వాత కూతురికి. సరాదా తన పెదనాన్నని చూడలేదు, ఆయన వేళ్ళ ముద్ర మాత్రం నుదుటికి తగిలింది. పోలికా ఒడుపూ కాని మూడో రకం ఇది: అలవాటు. అర్థం మారుతూ దిగుతుంది. ఇటాచి దగ్గర అది తప్పించుకోవడం, సాస్కే దగ్గర తిరిగొస్తానన్న మాట.

మిగతా జంటలు త్వరగా చూసేద్దాం. షికదైకి తండ్రి షికమారు పిలకజడ, నీడ విద్య, ‘మెండొకుసాయ్’ అనే విసుగూ, తల్లి తెమారి ఆకుపచ్చ కళ్ళూ. చోచోకి కరుయి ఒంటి రంగు, చోజి వంశపు విద్య. ఇనోజిన్‌కి ఇనో జుట్టు, సాయ్ పాలిపోయిన ఛాయ, అతని సిరా బొమ్మలు. ఇవి బాగానే ఉన్నా ఇక్కడ సూత్రం మరీ కనపడిపోతుంది: బొమ్మ ఒకరిది, విద్య ఒకరిది, అయిపోయింది. మెటల్ లీ దీనికి ఎదురు ఉదాహరణ. ఆకుపచ్చ సూటు, గిన్నె బోర్లించినట్టున్న జుట్టు, లావు కనుబొమలు, మొత్తం గురువు గై నుంచి రాక్ లీకి, లీ నుంచి కొడుక్కి. చూస్తే నకలుకి నకలు. ఒకే ఒక్క తేడా పెట్టారు: ఎవరైనా చూస్తుంటే వణికిపోతాడు. గైకి గానీ లీకి గానీ సిగ్గు అనే పదార్థమే లేదు, అందుకే ఆ ఒక్క సిగ్గు వాడిని మనిషిని చేసింది.

డ్రాగన్ బాల్‌లో గొకూ కొడుకు గొహాన్‌ని ఎన్నిసార్లు చెప్పుకున్నా తక్కువే. నాలుగేళ్ళవాడిని తండ్రి శత్రువు పికోలో ఎత్తుకుపోతాడు, ఏడాది శిక్షణ. అందులో మొదటి ఆరు నెలలు అడవిలో ఒంటరిగా వదిలేస్తాడు. తర్వాత ఇచ్చిన బట్టలు చూడండి: తీరు గొకూదే, మీద అక్షరం మాత్రం ‘మ’, రాక్షసుడు అనే కంజి. తండ్రి బట్టకి గురువు ముద్ర. సెల్ అనే శత్రువుతో పోరుకి గొహాన్ తనే అడిగి పికోలో తీరు ఊదారంగు బట్టలు, తెల్ల కేప్ వేసుకుంటాడు. తర్వాతి శత్రువు బూ కాలానికి మళ్ళీ తండ్రి నారింజ బట్టలు అడుగుతాడు. 2022లో వచ్చిన సూపర్ హీరో సినిమాలో మళ్ళీ ఊదారంగు, సెల్ మాక్స్‌ని ముగించింది కూడా తండ్రి కామెహామెహా కాదు, నుదుటి దగ్గర రెండు వేళ్ళు పెట్టి వదిలే పికోలో మకాంకొసాప్పో. వాడు ఆ రోజు ఎవరి కొడుకుగా నిలబడ్డాడో బట్టలు చూస్తే చాలు.

ఈ మొత్తానికి గుండె సెల్ పోరులో ఉంది. గొకూ కొడుకులో ఉన్న శక్తిని సరిగ్గా కొలిచాడు, తనలాగే వాడికీ పోట్లాట ఇష్టమని తప్పుగా అనుకున్నాడు. సెల్‌కి బలం తిరిగిచ్చే సెంజు గింజ కూడా ఇచ్చి పంపాడు! అప్పుడు అడ్డం పడి ‘వాడు నీలాంటివాడు కాదు, నాన్న ఎందుకు కాపాడటం లేదా అని చూస్తున్నాడు’ అన్న అర్థంలో చెప్పింది పికోలో. తండ్రికి తెలిసింది రక్తం, గురువుకి తెలిసింది మనసు. గొహాన్‌కి రక్తంతో వచ్చింది శక్తి ఒక్కటే, పోరాట దాహం రాలేదు. ఈ లోటు లేకపోతే ఆ కథే లేదు.

పక్కనే తప్పు కూడా ఉంది. గొకూ సూపర్ సయాన్ (బంగారు జుట్టు రూపం) కావడానికి స్నేహితుడు క్రిలిన్ చావాల్సి వచ్చింది. రెండో కొడుకు గొటెన్‌కి ఏడేళ్ళకే తల్లితో సాధన చేస్తుంటే వచ్చేసింది, వాడి స్నేహితుడు ట్రంక్స్ తన తండ్రి ముందు ఆటగా మారి చూపించేశాడు. రచయిత తొరియామా తర్వాతెప్పుడో ఎస్ కణాలు అనే వివరణ ఇచ్చారు గానీ అది జబ్బు తగ్గాక మందు. వెల లేకుండా దిగిన శక్తికి కథలో బరువు ఉండదు. ఆ పిల్లలిద్దరూ నవ్వించారు, ఇద్దరూ ఒకరయ్యే ఫ్యూజన్ గంతులు వేశారు, కథని మోయలేకపోయారు. (క్రిలిన్ కూతురు మారన్‌కి మాత్రం నాన్న లేని ముక్కు దిగింది. లేనిది దిగడం వింతే.)

వెల సంగతి మై హీరో అకాడెమియాకి బాగా తెలుసు. అక్కడ క్విర్క్‌లు (పుట్టుకతో వచ్చే శక్తులు) కలిసే పద్ధతిలో రసాయనం ఉంది. బకుగో తండ్రి చేతుల్లో పుట్టేది ఆమ్లపు చెమట, తల్లి చర్మంలో పుట్టేది గ్లిజరిన్, కొడుకు అరచేతుల్లో నైట్రోగ్లిజరిన్ లాంటి చెమట. నిజంగా నైట్రోగ్లిజరిన్ చేసేది గ్లిజరిన్‌ని నైట్రిక్ ఆమ్లంతో కలిపే కదా. ముఖం, నోటిదురుసు తల్లివి. తండ్రి నెమ్మది రవ్వంత కూడా రాలేదు.

మంట శక్తి ఉన్న హీరో ఎండెవర్ ఇల్లు ఈ విషయానికి ప్రయోగశాల. అతనికి ఉన్న లోపం, మంట వాడేకొద్దీ ఒళ్ళు వేడెక్కి పని తగ్గడం. దాన్ని కొడుకులో సరిచేయాలని మంచు శక్తి ఉన్న రేయ్‌ని పెళ్ళాడాడు. నలుగురు పిల్లలు. పెద్దవాడు తోయాకి తండ్రిని మించిన మంట వచ్చింది, ఒళ్ళు మాత్రం తల్లిది, చలికి ఆగుతుంది గానీ వేడికి ఆగదు. ఎర్ర జుట్టు రానురాను తెల్లబడటం ఆ సంగతికి కంటి గుర్తు. కాలిన గాయాలు చూసి తండ్రి శిక్షణ ఆపేశాడు. గురువు తప్పుకున్నాడు, ఒడుపు అక్కడితో ఆగిపోయింది, మంట ఆగలేదు. ఒంటరిగా సాధన చేస్తూ కాలిపోయి దాబీ అనే విలన్ అయ్యాడు. నాలుగోవాడు షోతోకి కుడివైపు మంచు, ఎడమవైపు మంట, రెండూ సరిగ్గా దిగాయి. శరీరం సరిపోయింది, మనసు సరిపోలేదు: ఎడమవైపు చూస్తే భర్తే కనపడి తల్లి మరిగే నీళ్ళు పోసింది, వాడు ఆ మంటనే వాడనని కూర్చున్నాడు. ‘అది నీ శక్తే కదా’ అని తోటి విద్యార్థి, కథానాయకుడు మిడోరియా అరిచేదాకా కదల్లేదు. చివరికి అన్నని ఎదుర్కోవడానికి వాడు తయారుచేసుకున్నది తండ్రి మంట విద్యనే పునాదిగా తీసుకుని, ఛాతీ దగ్గర వేడినీ చలినీ సమం చేసే పద్ధతి. తోయాకి ఏది లేక చెడిందో అదే.

మిడోరియా దగ్గర రక్తం ఏమీ ఇవ్వలేదు. తల్లి చిన్న వస్తువులు లాగగలదు, తండ్రి నిప్పు ఊదగలడు, కొడుక్కి రెండూ లేవు, కాలి చిటికెన వేలి కీళ్ళు చూసి డాక్టరు తేల్చేశాడు. తల్లి నుంచి వచ్చింది ధారగా కారే కన్నీళ్ళు మాత్రమే. శక్తి అగ్ర హీరో ఆల్ మైట్ వెంట్రుక మింగితే వచ్చింది, ఆ శక్తికి మిడోరియా తొమ్మిదో వారసుడు. దానికి ముందు పది నెలలు సముద్రపు ఒడ్డున చెత్త మోసి ఒళ్ళు తయారుచేసుకోవాల్సి వచ్చింది. అయినా ప్రవేశ పరీక్షలో ఒక్క గుద్దుకి రెండు కాళ్ళూ ఒక చెయ్యీ విరిగాయి. ఎందుకంటే ఆల్ మైట్‌కి ఆ శక్తి మొదటి నుంచే ఒంటికి ఒదిగింది, ఒదగనివాడికి ఎలా చెప్పాలో ఆయనకి తెలియదు. గొప్పవాడు మంచి గురువు కానక్కర్లేదని ఇంత స్పష్టంగా చూపించిన కథ అరుదు. పరిష్కారం గురువుకి గురువు గ్రాన్ టొరినో దగ్గర దొరికింది: మైక్రోవేవ్‌లో తిప్పకుండా పెట్టిన తైయాకి (చేప ఆకారపు తీపి రొట్టె) ఒకచోట కాలి ఇంకోచోట గడ్డకట్టి ఉన్నట్టు, శక్తిని ఒక్క చేతికే పంపడం తప్పు, ఒళ్ళంతా కొద్దిగా, 5 శాతం. తర్వాత చేతులు ఇంకా విరిగితే ఇక పనికిరావని డాక్టరు హెచ్చరించాక కాళ్ళతో పోరాడటం మొదలుపెట్టాడు, దానికి చూసి నేర్చుకున్నది తోటివాడు ఇడాని. గురువు గుద్దు శిష్యుడి దగ్గర తన్ను అయింది.

జోజో ఐదో భాగం నాయకుడు జోర్నో సంగతి ఒక్క మాట. తండ్రిది విలన్ డియో తల, అతను దొంగిలించిన జోనథన్ జోస్టార్ ఒళ్ళు. ఆ ఒంటికి పుట్టాడు కాబట్టి జోస్టార్ నక్షత్రపు మచ్చ ఉంది, నల్ల జుట్టు తర్వాత డియోలా బంగారు రంగయింది. ఇద్దరు తండ్రులున్నా, మంచిగా బతకాలనిపించింది మాత్రం చిన్నప్పుడు తను కాపాడిన పేరులేని ముఠావాడి వల్ల.

సొంతంగా రెండో తరం పాత్ర గీసేవాళ్ళకి, రాసేవాళ్ళకి ఇందులోంచి తీసుకోదగ్గ పద్ధతి ఉంది. ఆకారపు గీత ఒకరి నుంచి, రంగులు ఇంకొకరి నుంచి తీసుకోండి, రెండూ ఒకరివే అయితే నకలు, రెండూ సగం సగం కలిపితే బురద. కళ్ళు చివరికి ఉంచండి, ఎవరివి పెడితే చూసేవాళ్ళు వాళ్ళ బిడ్డ అనుకుంటారు. గుర్తు అలాగే దింపకండి, ఒక గీత తగ్గించండి లేదా వైపు మార్చండి. విద్య కన్నవాళ్ళది కాని చేతి నుంచి రావాలి. అది శిష్యుడి దగ్గర ఎక్కడ చెడుతుందో ముందు రాసుకోండి, ఎలా బాగుపడుతుందో తర్వాత. గురువు వస్తువు ఏదైనా ఇస్తే అది ఇచ్చిన సందర్భం తెరమీద ఉండాలి. మొదటి సీనులోనే గురువు కత్తి పట్టుకుని కనపడితే అది వేషమే. శక్తులు మూడు దాటితే ఏది ఎవరిదో చూసేవాడు మర్చిపోతాడు, మీరూ మర్చిపోతారు.

ఇంకో పొరపాటు, కన్నవాళ్ళని బతికుంచి చేతకానివాళ్ళని చేయడం. పిల్లలకి చోటు కావాలని నరుటోని బల్ల వెనక కాగితాల్లో కూర్చోబెట్టడం వరకూ బాగుంది, ఎందుకంటే తండ్రి తీరిక లేకపోవడమే కొడుకు కోపానికి కారణం. ప్రతి శత్రువు ముందూ పాత తరాన్ని బలహీనపరిస్తే మాత్రం ఏం దిగుతోందో ఆ వస్తువు విలువే పడిపోతుంది.

పాత్ర తయారయ్యాక రెండు పరీక్షలు. బొమ్మని మొత్తం నల్లగా నింపి చూడండి, తల్లిదండ్రుల్లో ఒకరి నీడ పక్కన పెడితే రెండూ ఒకటే అయితే జుట్టు దగ్గర నుంచి మళ్ళీ మొదలుపెట్టాలి. తర్వాత ఆ పాత్ర పరిచయంలో తల్లిదండ్రుల పేర్లు, గురువు పేరు కొట్టేసి చదవండి. ఏం మిగిలిందో అదే ఆ పాత్ర సొంతం. ఏమీ మిగలకపోతే కొత్త శక్తి ఇవ్వాలని చూడకండి, మెటల్ లీకి ఇచ్చినట్టు ఒక చిన్న భయం ఇచ్చి చూడండి.